ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) పవర్ యాంప్లిఫయర్: స్క్రూ బిగించే ముందు, టంకం పెట్టే ముందు

ఫ్లాంజ్ (స్క్రూలతో బిగించే లోహపు అడుగు పలక) ఉన్న ఎల్‌డీమాస్ (రేడియో పవర్‌కి వాడే ఒక రకం) ట్రాన్సిస్టర్‌కి ముందు కాళ్లు టంకం పెట్టి, తర్వాత స్క్రూలు బిగించకండి. ఫ్లాంజ్ కిందికి దిగుతుంది, కాళ్లు బోర్డుకే అతుక్కుని ఉంటాయి, ఆ లాగుడంతా సిరామిక్ మీద పడి పగులు వస్తుంది.

అల్యూమినియం హీట్ సింక్‌లో ఎం3 మరకి 2.5 మి.మీ. రంధ్రం వేసి, కనీసం 6 మి.మీ. లోతు మర పట్టేలా ట్యాప్ చేయండి. రంధ్రం అంచున లేచిన ముక్కను తీసేయాలి. అది వెంట్రుకవాసి ఉన్నా ఫ్లాంజ్‌ని ఎత్తిపెడుతుంది. మూసుకుపోయిన రంధ్రమైతే స్క్రూ పొడవు కొలవండి. కొన అడుగుకి తగిలితే చేతికి బిగిసినట్టే ఉంటుంది గానీ, ఫ్లాంజ్ మీద ఒత్తిడే ఉండదు. వేడిని హీట్ సింక్‌కి చేర్చే పేస్టు పలుచగా పూయండి. సాదా వాషర్, దానిపైన స్ప్రింగ్ వాషర్ వేసి, రెండు స్క్రూలనూ ముందు వేళ్లతో తిప్పి, ఆపైన ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. టార్క్ డేటాషీట్‌లో ఉంటుంది. ఎం3కి సాధారణంగా 0.6 న్యూటన్ మీటర్ దరిదాపుల్లో. కాళ్లకి టంకం ఆఖర్న.

పాత సిరామిక్ ట్రాన్సిస్టర్లలో బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, దాని పొడి ఊపిరితిత్తులకి విషం. ఆకురాయి పెట్టొద్దు, పగలగొట్టొద్దు.

ట్యాంక్ సర్క్యూట్ (కాయిల్, కెపాసిటర్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీకి శ్రుతి అయ్యే భాగం) సంగతి వేరు. 14 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో సుమారు 0.018 మి.మీ. పైపొరలోనే పోతుంది. మామూలు ఉక్కు అయస్కాంత గుణం వల్ల ఆ పొర ఇంకా సన్నబడి, స్క్రూ కాలిపోతుంది. ఇత్తడే వాడండి. ఇత్తడి పూత వేసిన ఉక్కు స్క్రూలూ దొరుకుతాయి కాబట్టి ప్రతిదానికీ అయస్కాంతం ఆనించి చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి అంటుకోకపోయినా, దాని నిరోధం రాగికి సుమారు 40 రెట్లు. పెట్టె మూతకి సరే, కాయిల్ చివరకి పనికిరాదు.

63/37 (తగరం, సీసం పాళ్లు) టంకం 183 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. వేడెక్కే చోట అతుకుని ముందు నట్టుబోల్టుతో పట్టించి, ఆపైనే టంకం పెట్టండి. బరువు మొత్తం టంకం మీద వేయొద్దు. టెఫ్లాన్‌ని నేరుగా బోల్టుతో నొక్కితే అది మెల్లగా పక్కకి జరిగి బిగువు పోతుంది, లోపల లోహపు బుష్ పెట్టాలి.

ఎర్త్ స్క్రూల కింద యానోడైజింగ్ (అల్యూమినియం మీది ఆక్సైడ్ పూత) గీకేయండి, అది కరెంటును పోనివ్వదు. మూత సందుల్లోంచి సిగ్నల్ బయటికి పోకుండా, స్క్రూల ఎడం హార్మోనిక్‌ని (అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్లు అలా ఉండే సిగ్నల్) బట్టి ఉండాలి: 144 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్ అయిదో హార్మోనిక్ 720 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం సుమారు 42 సెం.మీ. అందులో ఇరవయ్యో వంతు, అంటే 2 సెం.మీ. ఎడం మంచిది.

మొదటిసారి వేడెక్కి చల్లారాక ట్యాంక్ బోల్టులు మళ్లీ బిగించి చూడండి. సప్లై ప్లగ్ తీసి, హై వోల్టేజ్ కెపాసిటర్లు డిస్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.