ఆకలి మీద సాయం చేయాలనుకుంటే ముందు తెలుసుకోవాల్సినవి

ప్రపంచంలో తిండి చాలక జనం పస్తులుంటున్నారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, పండేది అందరికీ సరిపోతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో ఆకలితో ఉన్నవాళ్లు దాదాపు 67 కోట్ల మంది, అంటే పన్నెండు మందిలో ఒకరు. ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో 2022లో పారేసిన ఆహారమేమో 100 కోట్ల టన్నులు దాటింది. అంటే ఎక్కువ చోట్ల గొడవ తిండి లేకపోవడం కాదు, కొనే స్తోమత లేకపోవడం, లేదా తిండి దాకా వెళ్లనివ్వకపోవడం. 1943 బెంగాల్ క్షామం గురించి ఆర్థికవేత్త అమర్త్యసేన్ చెప్పింది కూడా దాదాపు ఇదే: ధాన్యం పూర్తిగా మాయం కాలేదు, ధరలు పెరిగిపోయి కూలీలు కొనుక్కోలేకపోయారు.

ఇప్పుడు పరిస్థితి మరీ ఘోరంగా ఉన్న చోట్ల మొదటి కారణం యుద్ధమే. సూడాన్‌లో ఇళ్లొదిలి వచ్చినవాళ్లు తలదాచుకున్న జమ్‌జమ్ శిబిరంలో 2024లో, గాజాలో 2025లో క్షామం ఉందని నిర్ధారించారు, ఆ రెండూ అప్పటికి యుద్ధం మధ్యలో ఉన్నవే. వర్షాలు లేకపోవడం, వరదలు, ధరలు కూడా కారణాలే, కానీ యుద్ధం వచ్చిందంటే పొలం, రోడ్డు, మార్కెట్, జీతం అన్నీ ఒకేసారి పోతాయి. ఇక వార్తల్లోకి రాని ఆకలి ఇంకోటి ఉంది, ఏళ్ల తరబడి అరకడుపుతో గడిపేది. విచిత్రం ఏంటంటే అందులో చాలామంది పంట పండించే చిన్న రైతులే.

వార్త చదివేటప్పుడు ఒకటి గమనించండి. ఆహార సంక్షోభాన్ని ఐపీసీ (ఇంటిగ్రేటెడ్ ఫుడ్ సెక్యూరిటీ ఫేజ్ క్లాసిఫికేషన్) అనే అంతర్జాతీయ పద్ధతిలో ఐదు దశలుగా కొలుస్తారు, మూడోది సంక్షోభం, నాలుగోది అత్యవసర పరిస్థితి, ఐదోది క్షామం. ఒక ప్రాంతంలో క్షామం ఉందని తేల్చాలంటే ప్రతి ఐదు కుటుంబాల్లో కనీసం ఒకదానికి తిండి దాదాపు లేకుండా పోవాలి, పిల్లల్లో 30 శాతం మంది తీవ్ర పోషకాహార లోపంతో ఉండాలి, రోజుకు ప్రతి 10,000 మందిలో ఇద్దరు చనిపోతూ ఉండాలి. ఇదంతా జరిగాకే ఆ మాట అంటారన్నమాట! 2011లో సోమాలియాలో ఇదే జరిగింది: చనిపోయిన రెండున్నర లక్షల పైచిలుకు మందిలో దాదాపు సగం మంది ప్రకటన రాకముందే పోయారు. అందుకే మూడో దశ, నాలుగో దశ అని వార్త కనిపించినప్పుడే డబ్బు పంపండి, టీవీలో ఫొటోలు వచ్చేదాకా ఆగకండి.

డబ్బే ఎందుకంటే, బియ్యం, బట్టలు, పాలపొడి మూటలు కట్టి పంపితే వాటిని మోయడానికి, దాచడానికి, పంచడానికి అయ్యే ఖర్చు కొన్నిసార్లు వస్తువు విలువనే దాటిపోతుంది. సాయం చేసే సంస్థ చేతికి డబ్బు అందితే దగ్గర్లోనే కొంటుంది, అక్కడి రైతుకీ గిరాకీ ఉంటుంది. మార్కెట్ నడుస్తున్న చోట బాధితులకే నేరుగా నగదు ఇవ్వడం ఇంకా మంచిది, ఏం కావాలో వాళ్లకంటే మనకు ఎక్కువ తెలుసా ఏంటి? పిల్లల చికిత్సకు ఇస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. పిల్లల జబ్బకు, అంటే మోచేతికి పైభాగానికి, ఒక టేపు చుట్టి కొలుస్తారు, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ప్రాణానికే ముప్పు. అప్పుడు వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, పంచదార, విటమిన్లు కలిపిన ప్యాకెట్లు ఇస్తారు. 92 గ్రాముల ప్యాకెట్‌లో 500 కేలరీలు ఉంటాయి, వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, వేరే జబ్బేమీ లేకపోతే బిడ్డ ఇంట్లోనే కొన్ని వారాల్లో కోలుకుంటుంది.

ఒక్కసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం ఇవ్వండి, ఫలానా దేశానికే అని షరతు పెట్టకుండా ఇస్తే ఇంకా నయం, అవసరం ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది. సంస్థను ఎంచుకునేటప్పుడు వార్షిక నివేదిక, ఆడిట్ లెక్కలు బయట పెట్టిందా, గత ఏడాది ఏం చేసిందో అంకెల్లో చెప్పిందా చూడండి. ఆఫీసు ఖర్చు తక్కువ ఉన్నదే మంచి సంస్థ అన్న లెక్క నాకు నచ్చదు, గోదాముకి కాపలా పెట్టడం కూడా ఖర్చే కదా. ఏడుస్తున్న పిల్లాడి ఫొటో, దాని కింద ఎవరిదో వ్యక్తిగత ఖాతా నంబరు, "వెంటనే పంపండి" అనే తొందర కనిపిస్తే మాత్రం దూరంగా ఉండండి.

ఇంట్లో తిండి పారేయకపోవడం మంచి అలవాటే, నీరూ నేలా ఆదా అవుతాయి. కానీ మీ కంచంలో మిగలని ముద్ద ఎక్కడో ఉన్నవాళ్ల కడుపులోకి వెళ్లదు. దానివల్ల మిగిలిన డబ్బు పంపితే వెళ్తుంది.

అసలు పెద్ద మొత్తాలు ప్రభుత్వాల దగ్గర ఉంటాయి. 2020లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రపంచ ఆహార కార్యక్రమం కూడా స్వచ్ఛంద విరాళాల మీదే నడుస్తుంది, అందులో ఎక్కువ భాగం దేశాలు ఇచ్చేదే. 2025లో దానికొచ్చే నిధులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 40 శాతం వరకు తగ్గుతాయని అదే అంచనా వేసింది. కాబట్టి మీ ప్రజాప్రతినిధికి ఒక ఉత్తరం రాసి, సహాయ నిధులకు ఎంత కేటాయించారో, ఎందుకు తగ్గించారో అడగండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి.

డబ్బు ఇవ్వలేని పరిస్థితిలో ఉంటే మీకు దగ్గర్లో అన్నం పెట్టే సంస్థకు సమయం ఇవ్వండి, అయితే వెళ్లేముందు ఏం కావాలో అడగండి. వడ్డించడానికి మనుషులు వస్తూనే ఉంటారు, లెక్కలు రాసేవాళ్లు, బండి నడిపేవాళ్లే దొరకరు.