తండా అవ్వకు వీడియోలో డాక్టర్ – 3వ పాఠం: అవ్వ మాట జారిపోకుండా చేరవేయడం

మొదటి పాఠంలో సర్కారు వీడియో డాక్టర్ సేవ అయిన ఈ-సంజీవనిలో పేరు ఎక్కించడం, ఓటీపీ పట్నంలో ఉన్న కొడుకు ఫోన్‌కు పోకుండా చూసుకోవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో ఫోన్ నిలబెట్టే తీరు, వెలుతురు, చప్పుడు గురించి చూశాం. ఇప్పుడు డాక్టర్ తెర మీదికి వచ్చారు. అవ్వ లంబాడీలో మాట్లాడుతుంది, డాక్టర్‌కు తెలుగే వచ్చు. మధ్యలో కూర్చున్నది మీరు.

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాల్లో పెద్దవాళ్లకు అంగడి తెలుగు బాగానే వస్తుంది. పత్తి ధర, బస్సు చార్జీ, పింఛను మాట్లాడగలరు. ఒంట్లో బాధ చెప్పే తెలుగు వేరు, అది అంగడిలో దొరకదు. అందుకే ‘అవ్వకు తెలుగు వస్తది’ అనుకుని వదిలేయకండి. బాధ తన భాషలోనే చెప్పుకోమనండి.

ఎక్కువమంది చేసే తప్పు ఇది. డాక్టర్ ‘ఏమైందమ్మా?’ అంటారు. అవ్వ రెండు నిమిషాలు చెబుతుంది. పక్కనున్న మనవడు ‘షుగర్ ఉంది సార్, కాళ్ల నొప్పులు’ అని తేల్చేస్తాడు. ఆ రెండు నిమిషాల్లో అవ్వ ‘పొలం నుంచి వస్తుంటే కాలి చెప్పు ఊడిపోయింది, ఇంటికొచ్చి చూసుకునేదాకా తెల్వలే’ అని కూడా చెప్పింది. షుగర్ ఉన్న మనిషికి పాదంలో స్పర్శ తగ్గిందనడానికి అదే గుర్తు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది, ముదురుతుంది. ‘కాళ్ల నొప్పులు’ అని వింటే నొప్పి గోలీ రాస్తారు, ‘చెప్పు ఊడినా తెలియలేదు’ అని వింటే పాదం చూపించమంటారు. జారిపోయింది ఒక్క వాక్యమే, కానీ వైద్యం దారి మారిపోయింది.

కాబట్టి కాల్ కలవకముందే అవ్వతో ఒప్పందం చేసుకోండి: ఒకటి రెండు మాటలు చెప్పి ఆగాలి, మీరు తెలుగులో చెప్పాక మళ్లీ అందుకోవాలి. ఆగాల్సినప్పుడు ఆమె మోకాలి మీద మెల్లగా చెయ్యి వేస్తానని ముందే చెప్పండి. డాక్టర్‌కు కూడా మొదటి మాటగా ఇది చెప్పండి: ‘సార్, అవ్వ లంబాడీలో మాట్లాడుతది. ఆమె అన్నది అన్నట్టు చెప్తా. నా మాట ఏదన్న ఉంటే వేరే చెప్తా.’

తర్వాత ‘అంట’ను వదిలేయాలి. ‘కాలు మండుతదంట’, ‘నిద్ర పడతలేదంట’ అని చెబుతుంటే డాక్టర్ కొద్దిసేపటికే మీతోనే మాట్లాడటం మొదలుపెడతారు, అవ్వ పక్కన బొమ్మలా మిగిలిపోతుంది. ‘నాకు కాలు మండుతది’ అని అవ్వ గొంతుగానే చెప్పండి. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, నాలుగు వాక్యాలు దాటితే అలవాటవుతుంది. ఫోన్ కెమెరా మీ వైపు కాకుండా అవ్వ వైపే ఉండాలి.

పట్టి పట్టి అడగాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘నరాలు గుంజుతున్నయి’ అంటే మంటా, తిమ్మిరా, పిక్క పట్టేయడమా? మూడింటికీ కారణాలు వేరు కావచ్చు. ‘దమ్ము వస్తుంది’ అంటే నడిస్తేనా, కూర్చున్నా వస్తుందా, పడుకుంటే ఎక్కువై లేచి కూర్చోవాల్సి వస్తుందా? ఈ మూడోది ఉంటే తప్పకుండా చెప్పాలి, అది గుండెకు సంబంధించినది కావచ్చు. ‘కడుపు నొప్పి’ అన్నప్పుడు మాటతో సరిపెట్టుకోకండి, ఎక్కడో వేలు పెట్టి చూపించమనండి. పొట్ట పైభాగమా, పొత్తికడుపా అన్నది కెమెరాలో కనబడాలి.

కాలం లెక్క కూడా అంతే. ‘సీత్లా పండుగప్పటి నుంచి’, ‘పత్తి ఏరేటప్పుడు మొదలైంది’ అంటుంది. డాక్టర్‌కు నెలల్లో కావాలి. రెండూ చెప్పండి: ‘సీత్లా పండుగ నుంచి, అంటే ఆషాఢం, సుమారు మూడు నెలలు.’ మీ లెక్క తప్పినా అసలు మాట డాక్టర్ దగ్గర ఉంటుంది.

కొలతల దగ్గర తండా పెద్దమ్మలకు ఒక ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. మోచేతి పైదాకా గాజులు వేసుకునే అవ్వలకు బీపీ పట్టీ కట్టడానికి చోటే ఉండదు. గాజుల మీద పట్టీ కట్టొద్దు, అద్దాలు కుట్టిన మందపాటి రవికె చేతి మీదా కట్టొద్దు, అంకె తప్పు వస్తుంది. గాజులు తీయమని బలవంతం కూడా చేయొద్దు, అవి ఆమెకు ఉత్త అలంకారం కాదు. ఏ చేతికి తక్కువున్నాయో, ఏవి కిందికి జరుగుతాయో ఆమెనే అడగండి. కుదరకపోతే ‘పట్టీ కట్టడానికి చోటు లేదు, బీపీ చూడలేదు’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. తప్పు అంకె చెప్పడం కంటే అంకె లేకపోవడమే మేలు.

చోటు దొరికితే ఇలా చేయాలి. అరగంట ముందు నుంచి చాయ, బీడీ, పొగాకు వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చాక వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మోచేతి మడతకు రెండు వేళ్ల పైన పట్టీ, చెయ్యి గుండె ఎత్తున. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండు అంకెలూ చెప్పండి.

ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలి మీద చూసే పరికరం) పెట్టే ముందు వేళ్లు రుద్ది వెచ్చబరచండి, గోళ్ల రంగు తీయండి. నల్లటి చర్మం ఉన్నవాళ్లకు ఈ పరికరం ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించవచ్చు. అంకె బాగున్నా మనిషి ఆయాసపడుతుంటే ఆ ఆయాసాన్నే చెప్పండి. రక్తం తక్కువైందా, కామెర్లా అన్నది ముఖం రంగులో తెలియదు. కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, అరచేయి, కంటి తెల్లగుడ్డు కిటికీ వెలుగులో చూపించండి. కాలి వాపును ఫోన్‌లో చూపించాలంటే మోకాలి కింద, కాలి ముందువైపు ఎముక మీద చేతి బొటనవేలితో 5 సెకన్లు నొక్కి తీయండి, గుంట పడితే కనబడుతుంది.

మందుల సంచి మొత్తం ముందర పోయండి. ఊళ్లో ఇచ్చిన నొప్పి గోలీలు, వేరు మందు, పసరు ఏదీ దాచొద్దు. ‘ఎందుకు వాడినవ్?’ అంటే అవ్వ ఇంకో మాట చెప్పదు. ‘ఇంకేమన్న వాడుతున్నవా, డాక్టర్‌కు తెలిస్తే మంచిది’ అంటే చెబుతుంది. రోజూ వేసుకునే నొప్పి గోలీలు బీపీ పెంచుతాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి. గోలీల అట్ట మీది పేరు, మిల్లీగ్రాములు చదివి వినిపించండి. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లయితే బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగారో చెప్పండి, నడుము, మోకాళ్ల బిగుతుకు ఫ్లోరైడ్ కారణమా అని డాక్టర్ ఆలోచించాలి.

మూత్రం, గర్భసంచి మాటలొస్తే మగవాళ్లు లేచి వెళ్లాలి. కొడుకు ముందు ఏ అవ్వా నోరు విప్పదు. కోడలో, మనవరాలో, ఆశా కార్యకర్తో కూర్చుంటే మేలు.

అవ్వ పొలంలో, మీరు ఇంట్లో ఉండి ఆమె తరఫున మాట్లాడొద్దు. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి పక్కన ఉంటే తోడున్న మనిషి మాట్లాడవచ్చు. స్పృహలో ఉన్న పెద్దమనిషి పక్కన లేనప్పుడు ఆమె అనుమతి పత్రమో, ఆమెతో సంబంధాన్ని తెలిపే ధ్రువీకరించిన పత్రమో ఉండాలి, లేదా అంతకుముందు డాక్టర్‌ను నేరుగా కలిసినప్పుడు ఆమె ఒప్పుకుని ఉండాలి. ఇక ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, ఊపిరి అందకపోవడం ఉంటే వీడియో పని కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివర్లో డాక్టర్ చెప్పింది ‘అర్థమైందా?’ అని అడగొద్దు, ప్రతి అవ్వా ‘ఆ’ అంటుంది. ‘ఇంటికొచ్చిన బిడ్డకు ఈ గోలీ ఎట్ల వేసుకోవాలో చెప్పు’ అనండి. తడబడితే మళ్లీ చెప్పి మళ్లీ అడగండి. అట్ట మీద స్కెచ్ పెన్నుతో పొద్దుటి గోలీకి సూర్యుడు, రాత్రి గోలీకి నెలవంక గీయండి, తిన్నాక వేసుకునేదైతే పక్కన పళ్లెం బొమ్మ. ఉప్పు తగ్గించమంటే రోజుకు మనిషికి 5 గ్రాములు దాటకూడదని, అంటే చిన్న చెంచాడని చూపించండి. అందులోనే పచ్చడి ఉప్పు కూడా లెక్క.

అభ్యాసం: ఈ వారం ఇంట్లో పెద్దవాళ్లను ఒంట్లో ఎట్లుందో అడిగి 3 నిమిషాలు వినండి. అడ్డు పడకుండా, రాసుకోకుండా. వెంటనే తెలుగులో మరొకరికి చెప్పండి, ‘అంట’ వాడకుండా. తర్వాత ఆ పెద్దవాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని ఏమేం వదిలేశారో అడగండి. వాళ్లు చెప్పినవి ఒక్కొక్కటి రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో పల్లె దవాఖాన నుంచి డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ ముందు ఉండాలి.