పట్టాల మీద బరువు ఎక్కువైతే: సమస్య ఎక్కడో ఎలా పట్టుకోవాలి?

రైలు మొత్తం బరువు చూసి లైను మోస్తుందో లేదో తేల్చకండి. 4,000 టన్నుల రైలైనా పట్టా మీద పడేది చక్రం చక్రంగానే. చక్రం పట్టాను తాకే చోటు సుమారు ఒక చదరపు సెంటీమీటరు. అందుకే ముందు యాక్సిల్ లోడ్ (జత చక్రాలను కలిపే ఒక్కో ఇరుసు మీద పడే బరువు) చూడాలి, తర్వాత వ్యాగన్ పొడవులో మీటరుకు ఎన్ని టన్నులో చూడాలి. మొత్తం బరువు ముఖ్యంగా ఇంజను, బ్రేకులు, కప్లింగుల (వ్యాగన్లను కలిపే కొక్కేల) లెక్క.

సమస్య: వ్యాగన్ మొత్తం బరువు పరిమితిలోనే ఉంది, ఒక బోగీ (వ్యాగన్ ఒక చివర కింద రెండు యాక్సిళ్లున్న చక్రాల బండి) మాత్రం ఓవర్‌లోడ్ చూపిస్తోంది

సరుకు ఒక చివరకు జరిగింది. 22 టన్నుల ఖాళీ వ్యాగన్‌లో 68 టన్నుల సరుకు వేస్తే మొత్తం 90. నాలుగు యాక్సిళ్ల మీద సమంగా పడితే ఒక్కోదానికి 22.5 టన్నులు. బోగీల మధ్య దూరం 6.5 మీటర్లు అనుకుందాం. సరుకు బరువు కేంద్రం అర మీటరు జరిగితే చాలు, ఒకవైపు యాక్సిళ్ల మీద 25.1 టన్నులు, రెండోవైపు 19.9 టన్నులు పడతాయి. సరుకు సర్దించి, యాక్సిల్ వారీగా మళ్లీ తూచండి. కుడి ఎడమల తేడా కూడా చూడండి. తెరిచి ఉన్న ఖనిజం, ఇసుక వానకు తడిస్తే తూచిన బరువు దారిలోనే పెరుగుతుంది, కాబట్టి ఆ మేరకు తగ్గించి నింపాలి.

సమస్య: యాక్సిల్ లోడ్ సరిపోయింది, వంతెన మీదికి అనుమతి రావడం లేదు

వ్యాగన్ పొట్టిది. లైను మోయగల బరువును బట్టి చేసిన యూరప్ వర్గీకరణలో డి2, డి4 లైన్లు రెండింటికీ యాక్సిల్ లోడ్ 22.5 టన్నులే. కానీ మీటరుకు డి2లో 6.4 టన్నులు, డి4లో 8 టన్నులు. పైన చెప్పిన వ్యాగన్ పొడవు 10.7 మీటర్లైతే మీటరుకు 8.4 టన్నులు, అంటే డి4కీ ఎక్కువే. వ్యాగన్, సరుకు కలిపి మొత్తం 85.6 టన్నులకు దించాలి, డి2 లైనైతే ఆ మొత్తాన్ని 68 టన్నుల దగ్గరే ఆపాలి. లేదా పొడవైన వ్యాగన్ వాడాలి.

సమస్య: ప్యాకింగ్ (స్లీపర్ల కింద కంకర కూరి గట్టిచేయడం) చేసిన కొద్ది రోజులకే అదే చోట లైను కుంగుతోంది

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బరువు ఎక్కువైందనో, పట్టా బలహీనమనో అనుకుని మళ్లీ మళ్లీ టాంపింగ్ (యంత్రంతో ప్యాకింగ్) చేయిస్తారు. ముందు రైలు వెళ్తుండగా దూరంగా, సురక్షితమైన చోట నిలబడి చూడండి. స్లీపరు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మె) పైకీ కిందికీ ఆడుతుందా? స్లీపరు చివర్లలో బురద చిమ్మిన మరకలున్నాయా? ఎండాకాలంలో అదే చోట కంకర అంచులు అరిగి, తెల్లని పొడి కనిపిస్తుంది.

ఇవి కనిపిస్తే, కంకర సందులు పొడితో, మట్టితో పూడిపోయి నీరు బయటికి పోవడం లేదు. ప్రతి చక్రం ఆ నీటిని నొక్కి, కింది మట్టిని పైకి తోడుతుంది. టాంపింగ్ ఆ మురికి కంకరనే ఎత్తి నొక్కుతుంది, అది నిలవదు.

ముందు పక్క కాలువ తవ్వి నీటికి దారి ఇవ్వండి. తర్వాత కంకర తీసి జల్లించి, స్లీపరు కింద 25 నుంచి 30 సెంటీమీటర్ల శుభ్రమైన కంకర ఉండేలా వేయండి. అడుగున బంకమట్టి ఉంటే ఇసుక పొర, జియోటెక్స్‌టైల్ (మట్టిని ఆపి నీటిని పోనిచ్చే గుడ్డ) లేకుండా కంకర వేయడం వృథా. అప్పుడు ప్యాకింగ్ చేసి, కంకర గట్టిపడేదాకా వేగ పరిమితి ఉంచాలి. బరువైన పట్టా మార్చినంత మాత్రాన ఈ జబ్బు నయం కాదు.

సమస్య: వంపులో బయటి పట్టా లోపలి మూల మీద సన్నని పగుళ్లు, పెచ్చులు

చక్రం ఒత్తిడికి ఉక్కు అలసిపోయింది. తొలి దశలో గ్రైండింగ్ (పట్టా పై పొరను అరగదీయడం) చాలు. పై పగుళ్లు కింది లోతైన పగులును అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో చేసే) పరీక్షకు కనబడకుండా దాచగలవు, అందుకని గ్రైండింగ్ తర్వాత మళ్లీ పరీక్షించండి. లోతుకు దిగితే ఆ ముక్క కోసి మార్చాల్సిందే, ఆ వంపులో తల (చక్రం తగిలే పై భాగం) గట్టిపరిచిన పట్టా వేయడం మేలు.

సమస్య: దడదడమని చప్పుడు

ప్రతి రైలూ ఒకే చోట చప్పుడు చేస్తే అక్కడి జాయింటు కుంగింది, ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాల చివరలను కలిపే ఇనుప పలక) బోల్టులు, ఆ పక్క స్లీపర్ల ప్యాకింగ్ చూడండి. ఒక్క రైలే దారి పొడవునా చేస్తే దాని చక్రం చదునైంది. ఆ దెబ్బ, కదలకుండా ఉన్నప్పుడు ఆ చక్రం మోపే బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది, కాంక్రీటు స్లీపరునే పగలగొట్టగలదు. ఆ వ్యాగన్‌ను విడదీసి, చక్రాన్ని లేత్‌కు (చెక్కి మళ్లీ గుండ్రం చేసే యంత్రానికి) పంపండి.