నెట్ పోయినా పని ఆగకుండా కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా?

బ్రౌజర్‌లో తెరిచే సాఫ్ట్‌వేర్‌కూ, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నదానికీ తేడా నెట్ ఉన్నంతసేపూ కనిపించదు. కేబుల్ తెగినప్పుడో, రైల్లో సిగ్నల్ పోయినప్పుడో బయటపడుతుంది. నెట్ లేకున్నా పనిచేస్తూ, నెట్ రాగానే మార్పులను సర్వర్‌కు చేరవేసే సాఫ్ట్‌వేర్‌తో రెండు లాభాలున్నాయి. ఫైలు మన డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పున తెరుచుకుంటుంది. ఇంకో ప్రతి సర్వర్‌లో ఉంటుంది కాబట్టి కంప్యూటర్ పాడైనా పని మిగులుతుంది. కాకపోతే ఈ సదుపాయం చాలాచోట్ల దానంతటది రాదు, నెట్ ఉన్నప్పుడే అమర్చుకోవాలి. విండోస్ కంప్యూటర్‌లో ఎలాగో చూద్దాం.

1. ఫైళ్లు నిజంగా మీ దగ్గరే ఉన్నాయో లేదో చూడండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ వారి ఫైళ్ల నిల్వ సేవ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు పేరు కనిపించినంత మాత్రాన ఫైలు డిస్క్‌లో ఉన్నట్టు కాదు. పేరు పక్కన నీలిరంగు మేఘం గుర్తు ఉంటే అది సర్వర్‌లోనే ఉంది, నెట్ లేనిదే తెరుచుకోదు. తెల్లటి వలయంలో ఆకుపచ్చ టిక్ ఉంటే ప్రస్తుతానికి మీ దగ్గర ఉంది, కానీ చోటు ఖాళీ చేయడానికి విండోస్ దాన్ని మళ్లీ మేఘంలోకి పంపేయవచ్చు. నిండు ఆకుపచ్చ వలయంలో తెల్ల టిక్ ఉంటేనే నిశ్చింత. అది రావాలంటే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' ఎంచుకోండి. మొత్తం డ్రైవ్‌కు ఇలా చేయనక్కర్లేదు, ఈ నెలలో ముట్టుకునే ఫోల్డర్లకు చేస్తే చాలు.

గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో 'స్ట్రీమ్', 'మిర్రర్' అని రెండు పద్ధతులుంటాయి. స్ట్రీమ్‌లో ఫైళ్లు సర్వర్‌లోనే ఉండి అవసరమైనప్పుడు వస్తాయి, మిర్రర్‌లో అన్నిటి ప్రతులూ డిస్క్‌లో ఉంటాయి. డిస్క్‌లో చోటుంటే మిర్రర్ పెట్టుకోండి.

2. గూగుల్ డాక్స్ వాడేవారు

క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ డ్రైవ్ తెరిచి, సెట్టింగ్స్‌లో 'ఆఫ్‌లైన్' దగ్గర టిక్ పెట్టండి. 'గూగుల్ డాక్స్ ఆఫ్‌లైన్' అనే ఎక్స్‌టెన్షన్ కూడా ఉండాలి. తప్పక కావలసిన పత్రాలను ఒక్కొక్కటిగా రైట్ క్లిక్ చేసి ఆఫ్‌లైన్‌కు సిద్ధం చేసుకోవడం మేలు. ఇన్‌కాగ్నిటో కిటికీలో ఇది పనిచేయదు. నన్నడిగితే, పెద్ద పత్రాలకు లిబ్రెఆఫీస్ వంటి ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేరే హాయి. అది ఉచితం, రాయడానికి నెట్‌తో పనే లేదు. ఫైలును సింక్ అయ్యే, అంటే మార్పులు సర్వర్‌కు చేరే ఫోల్డర్‌లో దాచుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి.

3. మెయిల్

మొజిల్లా వారి థండర్‌బర్డ్‌లో మీ ఖాతాను ఐమ్యాప్ (మెయిళ్లను సర్వర్‌లోనూ ఉంచే) పద్ధతిలో చేర్చండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్' తెరిచి, సందేశాలను కంప్యూటర్‌లో ఉంచమనే చోట టిక్ ఉందో లేదో చూడండి. ఆ తర్వాత పాత మెయిళ్లను నెట్ లేకుండానే వెతకవచ్చు. జవాబులు రాసేముందు ఫైల్ మెనూలో ఆఫ్‌లైన్‌కు మారితే అవి అవుట్‌బాక్స్‌లో ఆగి ఉంటాయి, నెట్ వచ్చాక 'సెండ్ అన్‌సెంట్ మెసేజెస్' నొక్కి పంపవచ్చు.

4. తెలుగు టైపింగ్

దీన్ని చాలామంది మరిచిపోతారు. వెబ్‌సైట్‌లో టైప్ చేసి కాపీ చేసుకునే అలవాటున్నవారికి నెట్ పోతే తెలుగే పోతుంది. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, దాన్ని ఎంచుకోండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక వచ్చినవారికి అదీ అక్కడే దొరుకుతుంది.

5. మీరే నెట్ తీసేసి పరీక్షించండి

వైఫై ఆపి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఓ గంట మామూలుగా పనిచేయండి. ఏ ఫైలు తెరుచుకోలేదో, ఏ సాఫ్ట్‌వేర్ మళ్లీ లాగిన్ అడిగిందో రాసుకోండి. ప్రయాణానికి ముందురోజు ఈ పరీక్ష తప్పక చేయాలి.

6. ఒకే ఫైలు రెండుచోట్ల మారితే

ఆఫ్‌లైన్ పనిలో అసలు చిక్కు ఇదే. మీరు రైల్లో లెక్కల ఎక్సెల్ దిద్దుతుంటే, అదే ఫైలును ఆఫీసులో ఇంకొకరు దిద్దారనుకోండి. రెండిట్లో ఏది సరైనదో సాఫ్ట్‌వేర్ తేల్చలేకపోతే రెండో ప్రతి తయారవుతుంది. వన్‌డ్రైవ్ అయితే దాని పేరుకు కంప్యూటర్ పేరు తగిలిస్తుంది, డ్రాప్‌బాక్స్ 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని రాస్తుంది. అలాంటి పేరు కనిపిస్తే తుడిచేయకండి, రెండూ తెరిచి పోల్చండి. నెట్ వచ్చాక సింక్ పూర్తయ్యేదాకా ల్యాప్‌టాప్ మూయకపోవడం, ఒక ఫైలును ఒక సమయంలో ఒక్కరే దిద్దాలని ముందే మాట్లాడుకోవడం, ఈ రెండూ పాటిస్తే గొడవ చాలావరకు తప్పుతుంది.

అన్నీ ఆఫ్‌లైన్‌లో కుదరవు. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లు నెట్ లేకుండా తయారవుతుంది. కానీ వార్షిక టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటి ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరైన వ్యాపారులు ఆ బిల్లుకు ఆ పోర్టల్ నుంచి నంబరు తెచ్చుకోవాలంటే నెట్ కావాల్సిందే. అలాంటివారు ఫోన్ హాట్‌స్పాట్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి.

ఫైళ్లూ మెయిళ్లూ డిస్క్‌లోకి వచ్చాయంటే ల్యాప్‌టాప్ పోయినప్పుడు అవీ దాంతోపాటే ఇతరుల చేతికి చిక్కుతాయి. కాబట్టి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, సెట్టింగ్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లను ఇతరులు చదవలేకుండా చేసే ఏర్పాటు) ఆన్ చేసుకోండి. నెట్ సెంటర్‌లోనూ, నలుగురూ వాడే కంప్యూటర్లలోనూ పైన చెప్పిన ఆఫ్‌లైన్ అమరికలు వేటినీ చేయకండి.