డ్రైవ్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో పాత మోటార్‌కి వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టగానే పక్క మెషిన్ సెన్సార్ పిచ్చి రీడింగులు చూపించడం మామూలే. స్విచ్ వేయకముందే ఇవి చూసుకోండి.

• మెయిన్ ఆపాక మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజ్ ఇంకా ఉంటుంది. మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

• డ్రైవ్ నుంచి మోటార్‌కి షీల్డ్ కేబులే (వైర్ల చుట్టూ లోహపు తొడుగు ఉండేది) వాడండి, వీలైనంత పొట్టిగా. అసలు గొడవంతా ఇక్కడే. డ్రైవ్ సెకనుకు వేలసార్లు వోల్టేజ్‌ని ఆన్, ఆఫ్ చేస్తుంది. దాంతో పుట్టే నాయిస్ (పక్క వైర్లను చెడగొట్టే విద్యుత్ అలజడి) తిరిగి డ్రైవ్‌కే చేరడానికి దారి కావాలి. షీల్డ్‌ని రెండు చివర్లా క్లాంప్‌తో చుట్టూ ఆనేలా బిగించండి. జడలా మెలేసి స్క్రూ కింద పెడితే హై ఫ్రీక్వెన్సీకి అది దాదాపు లేనట్టే. ప్యానెల్ ప్లేటుకి పెయింట్ ఉంటే క్లాంప్ ఆనే చోట గీకేయాలి. "ఎర్త్ ఉంది కదన్నా" అంటాడు ఎలక్ట్రీషియన్. షాక్ కొట్టకుండా ఆ వైరు సరిపోతుంది, నాయిస్‌కి చాలదు.

• సెన్సార్ వైర్లు వేరే ట్రేలో, మోటార్ కేబుల్‌కి కనీసం 20 సెం.మీ. దూరంగా. దాటక తప్పకపోతే 90 డిగ్రీల్లో.

• నాయిస్ తగ్గించే ఫిల్టర్ పెడితే ఎర్త్‌లోకి పోయే లీకేజీ కరెంట్ పెరిగి, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (లీకేజీ ఉంటే సప్లై ఆపేసే స్విచ్) ఊరికే ట్రిప్ కావచ్చు. బైపాస్ మాత్రం చేయకండి, డ్రైవ్‌కి తగిన రకం మాన్యువల్‌లో చూసి వేయించండి.