విశాఖలో మిస్టరీ షాపింగ్: అసలు పని, నకిలీ పని

మామూలు కస్టమర్‌లా షాపుకి వెళ్లి, సేవ ఎలా ఉందో రాసివ్వడమే మిస్టరీ షాపింగ్. ఇది జీతం కాదు, పై ఖర్చులకి ఆసరా.

ముందు ఒక్క మాట. రిజిస్ట్రేషన్‌కి డబ్బడిగితే అక్కడితో ఆపేయండి. ఈ పని ఇచ్చే అసలు కంపెనీలు పైసా అడగవు. టెలిగ్రామ్‌లో రేటింగులిస్తే డబ్బులని మొదట కొంచెం పంపి, తర్వాత 'డిపాజిట్' కట్టమనేవాళ్లు దొంగలే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, ఎవరడిగినా కొట్టకండి. మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కంపెనీ ఈ రంగపు అంతర్జాతీయ సంఘమైన ఎంఎస్‌పీఏలో సభ్యురాలో కాదో ఆ సంఘం వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. తర్వాత కంపెనీ సొంత సైట్‌లో పేరు నమోదు చేసుకోండి. చెల్లింపు కోసం పాన్, బ్యాంకు ఖాతా వివరాలు అడగడం మామూలే. ఓటీపీ అడిగితే మాత్రం మామూలు కాదు.

పని ఒప్పుకునేముందు ఫీజెంత, కొన్నదాంట్లో ఎంతవరకు తిరిగిస్తారు, ఎప్పుడిస్తారు అన్నవి రాతలో తీసుకోండి. గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చిపోయే ఖర్చు తీసేస్తే మిగిలేదెంతో లెక్కేయండి. చాలా పనులు ఇక్కడే గిట్టవు.

రిపోర్టు తిరస్కరణకి గురయ్యేది ఎక్కువగా చిన్న తప్పులకే: ఒకే బ్రాండుకి ద్వారకానగర్‌లో, జగదాంబలో రెండు షాపులుంటే వేరేదానికి వెళ్లడం, చెప్పిన వేళ దాటడం, బిల్లు పారేయడం. లోపలికెళ్లిన సమయం, ఉద్యోగి నేమ్ బ్యాడ్జి మీది పేరు బయటికి రాగానే ఫోన్‌లో రాసుకోండి. బిల్లు ఫోటో కూడా అప్పుడే తీయండి, థర్మల్ కాగితం మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది. 'సర్వీసు బాలేదు' అని రాయకండి. 'ఆరు నిమిషాలు ఎవరూ పలకరించలేదు' అని రాయండి.