ఒక్క అక్షరం తేడాను జెల్ మీద చదవడం: సికిల్ సెల్ జన్యురూపాన్ని పీసీఆర్‌తో నిర్ధారించే విధానం

అణు జీవశాస్త్ర పద్ధతులతో మానవ వ్యాధిని అధ్యయనం చేయడం నేర్చుకునే ఎం.ఎస్సీ. విద్యార్థికి మొదటి అభ్యాసంగా ఏ వ్యాధిని ఇవ్వాలని అడిగితే నేను తడుముకోకుండా సికిల్ సెల్ వ్యాధినే సూచిస్తాను. 11వ క్రోమోజోము మీదున్న బీటా గ్లోబిన్ జన్యువులో ఆరవ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్‌ఏ అక్షరాల మాట) జీఏజీకి బదులు జీటీజీగా మారుతుంది. దానివల్ల ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవుగా పేరుకుపోయి ఎర్రకణాన్ని కొడవలి ఆకారంలోకి వంచుతాయి. కారణం మొదలు లక్షణం వరకు ఇంత స్పష్టంగా తెలిసిన వ్యాధులు ఎక్కువ లేవు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఈ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో భిన్నంగా కదులుతుందని చూపి దీన్ని అణు వ్యాధిగా పేర్కొంది. 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఒక్క అమైనో ఆమ్లంలోనే ఉందని తేల్చాడు. 1985లో పీసీఆర్‌ను, అంటే కావలసిన డీఎన్‌ఏ ముక్కను ట్యూబులోనే లెక్కలేనన్ని ప్రతులుగా పెంచే పద్ధతిని, ప్రపంచానికి పరిచయం చేసిన తొలి పరిశోధనా పత్రం కూడా ఈ జన్యుభాగాన్ని వృద్ధిచేసి ఈ వ్యాధిని గుర్తించడం గురించినదే.

తెలుగు ప్రాంతాలకు ఇది దూరపు విషయం కాదు. పాడేరు, అరకు ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్, భద్రాచలం పరిసరాల్లోనూ గిరిజన కుటుంబాల్లో ఈ ఉత్పరివర్తన ఉంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించిన జాతీయ మిషన్, 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అంతమందికి చేసేది డీఎన్‌ఏ పరీక్ష కాదని మొదటే గుర్తుంచుకోవాలి. క్షేత్రంలో సాల్యుబిలిటీ పరీక్ష వంటి సులభమైన పరీక్ష చేస్తారు, నిర్ధారణకు హెచ్‌పీఎల్‌సీ (రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే యంత్ర పరీక్ష) వాడతారు. గర్భస్థ శిశువు విషయంలో, హెచ్‌పీఎల్‌సీ ఫలితం తేలనప్పుడు, ఇటీవల రక్తం ఎక్కించుకున్న రోగి విషయంలో, పరిశోధనలో జన్యువునే నేరుగా చదవవలసి వస్తుంది. ఈ వ్యాసంలోని విధానం అటువంటి సందర్భాల కోసం.

నమూనా సేకరించడానికి ముందు సంస్థాగత నైతిక కమిటీ అనుమతి రాతపూర్వకంగా చేతిలో ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దీనికి ఆధారం. సమ్మతి పత్రం రక్తమిచ్చే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఏజెన్సీలో ఆ భాష కొన్నిసార్లు తెలుగు కాక కువి, గోండి, కొలామి వంటిది అవుతుంది కనుక, చదివి వివరించగల స్థానికుల సహాయం ముందే చూసుకోవాలి. ఒకే కుటుంబంలో తల్లిదండ్రులనూ పిల్లలనూ పరీక్షించినప్పుడు, చెప్పుకుంటున్న బంధుత్వానికి జన్యురూపాలు పొసగకపోవడం ఎక్కడైనా ఎదురుకావచ్చు. అటువంటి సమాచారాన్ని ఏం చేయాలో ఫలితం వచ్చాక ఆలోచించేది కాదు, ప్రణాళిక రాసేటప్పుడే నిర్ణయించుకోవలసినది.

రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీసుకోవాలి. హెపారిన్ ట్యూబు పనికిరాదు, ఎందుకంటే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. ట్యూబు మీద పేరు రాయకుండా సంకేత సంఖ్య మాత్రమే రాసి, పేర్ల జాబితాను వేరేచోట తాళం వేసి ఉంచాలి.

ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి మనకు కావలసిన డీఎన్‌ఏ తెల్లకణాల నుంచే వస్తుంది. కిట్ కొనే స్తోమత లేని కళాశాల ప్రయోగశాలకు ఉప్పుతో ప్రోటీన్లను అవక్షేపింపజేసే పాత పద్ధతి నిక్షేపంగా సరిపోతుంది. రక్తానికి మూడింతల అమ్మోనియం క్లోరైడ్ బఫర్ కలిపి పది నిమిషాలు ఉంచి సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవాన్ని పారబోయాలి. అడుగున మిగిలిన ముద్ద ఎర్రగా ఉంటే ఈ కడుగుడు మళ్లీ చేయాలి. లేత గులాబీ రంగు కూడా పోయి తెల్లబడేదాకా ఆపకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ముద్దలో మిగిలిపోయిన హీమ్ (హిమోగ్లోబిన్‌లోని ఇనుమున్న భాగం) తర్వాత పీసీఆర్‌లో డీఎన్‌ఏ ప్రతులను తయారుచేసే ఎంజైమ్ అయిన టాక్ పాలిమరేజ్‌ను అడ్డుకుంటుంది, అప్పుడు విద్యార్థి ప్రైమర్లను (పెంచవలసిన ముక్క రెండు కొసలకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ పోగులను) అనుమానిస్తూ వారాలు గడుపుతాడు. తెల్లబడిన ముద్దకు ఎస్‌డీఎస్ ఉన్న లైసిస్ బఫర్ (కణాలను పగలగొట్టే ద్రవం), ప్రోటీన్లను ముక్కలుచేసే ప్రోటీనేజ్-కె చేర్చి 56 డిగ్రీల దగ్గర ముద్ద పూర్తిగా కరిగేదాకా ఉంచాలి. తర్వాత 6 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపి గట్టిగా కుదిపి సెంట్రిఫ్యూజ్ చేస్తే ప్రోటీన్లు అడుగుకు చేరతాయి. పైద్రవాన్ని కొత్త ట్యూబులోకి తీసుకుని, రెండింతల చల్లని ఇథనాల్ చేర్చి ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తుంటే డీఎన్‌ఏ తెల్లటి నూలుపోగుల్లా తేలుతుంది. దాన్ని 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించాలి. మరీ ఎక్కువగా ఆరబెడితే తిరిగి కరగడానికి మొండికేస్తుంది.

260 నానోమీటర్ల దగ్గర శోషణ ఒకటి అయితే మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల ద్విపోగు డీఎన్‌ఏ ఉన్నట్టు లెక్క. 260, 280ల నిష్పత్తి 1.8కి దగ్గరగా ఉండాలి. బాగా తగ్గితే ప్రోటీన్ మిగిలిందని అనుమానించాలి.

ఇక ప్రైమర్లు. ఈ పని మొత్తంలో ఎక్కువ ఆలోచన ఖర్చు చేయవలసింది ఇక్కడే, ఎందుకంటే బీటా గ్లోబిన్ జన్యువుకు పక్కనే దాదాపు అదే క్రమం ఉన్న డెల్టా గ్లోబిన్ జన్యువు ఉంది. ఈ రెండు ప్రోటీన్ల 146 అమైనో ఆమ్లాల్లో పదింటిలోనే తేడా. పైగా మనం చూడదలచిన ఆరవ స్థానం చుట్టూ రెండూ ఒక్కటే. ప్రైమర్ రెండింటికీ అతుక్కునేలా ఉంటే, డెల్టా నుంచి వచ్చిన ముక్క ప్రతి నమూనాలోనూ సాధారణ అక్షరాన్నే చూపిస్తుంది. అప్పుడు ఎస్ఎస్ రోగి (రెండు ప్రతులూ మారినవాడు) జెల్ మీద, అంటే డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే పలక మీద, ఏఎస్ వాహకుడిగా (ఒక్క ప్రతే మారినవాడిగా) కనిపిస్తాడు; రెండు ప్రతులూ సాధారణమైతే ఏఏ అంటారు. కనుక కనీసం ఒక ప్రైమర్ 3' చివర (కొత్త పోగు పెరగడం మొదలయ్యే కొస) రెండు జన్యువులూ విభేదించే చోట పడేలా ఎంచుకుని, ప్రైమర్లు ఎక్కడెక్కడ అతుక్కుంటాయో చూపే ప్రైమర్-బ్లాస్ట్ అనే ఆన్‌లైన్ సాధనంలో సరిచూసిన తర్వాతే ఆర్డర్ ఇవ్వాలి. డేటాబేసులో వెతికేటప్పుడు ఈ మార్పు ఏడవ స్థానంలో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అక్కడ మొదటి మెథియోనీన్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

25 మైక్రోలీటర్ల చర్యామిశ్రమంలో పదింతల గాఢత గల బఫర్ 2.5 మైక్రోలీటర్లు, ఒక్కొక్కటి 10 మిల్లీమోలార్ ఉన్న డీఎన్‌టీపీల (డీఎన్‌ఏ కట్టడానికి వాడే నాలుగు అక్షరాల) మిశ్రమం 0.5, ఒక్కొక్కటి 10 మైక్రోమోలార్ ఉన్న రెండు ప్రైమర్లు చెరో 0.5, టాక్ పాలిమరేజ్ ఒక యూనిట్, 50 నుంచి 100 నానోగ్రాముల డీఎన్‌ఏ, మిగతాది నీరు. మెగ్నీషియం చివరి గాఢత 1.5 మిల్లీమోలార్ ఉండాలి. అది బఫర్‌లోనే ఉందో, విడిగా కలపాలో సీసా మీద చదివి తెలుసుకోవాలి. డీఎన్‌ఏ తప్ప మిగిలినవన్నీ నమూనాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువకు లెక్కగట్టి ఒకే మిశ్రమంగా కలుపుకుంటే పిపెట్ తేడాలు తగ్గుతాయి. 95 డిగ్రీల వద్ద 5 నిమిషాలు. తర్వాత 95 వద్ద 30 సెకన్లు, 60 వద్ద 30 సెకన్లు, 72 వద్ద 40 సెకన్లు చొప్పున 32 చక్రాలు. చివర 72 వద్ద 5 నిమిషాలు. మధ్యనున్న 60 డిగ్రీలు ప్రైమర్లను బట్టి మారుతుంది. మిశ్రమం తయారుచేసే చోట, పీసీఆర్ అయిపోయిన ట్యూబులు తెరిచే చోట ఒకే పిపెట్ వాడకూడదు.

ఇప్పుడు తేడాను చూపించే ఘట్టం. సాధారణ జన్యువులో ఈ చోట సీసీటీజీఏజీజీ అనే ఏడు అక్షరాల వరుస ఉంటుంది. ఈ వరుస దొరికిన చోట డీఎన్‌ఏను కోసే ఎమ్‌ఎస్‌టీ-2 అనే ఎంజైమును 1980ల్లో వాడేవారు. అదే వరుసను గుర్తించే బీఎస్‌యూ36ఐ గానీ ఎకో81ఐ గానీ ఇప్పుడు వాడుకోవచ్చు. ఈ వరుసలోని 'ఏ' అక్షరం కాస్తా 'టీ'గా మారితే వరుస చెదిరిపోయి ఎంజైమ్ కోయలేదు. 10 మైక్రోలీటర్ల పీసీఆర్ ఉత్పత్తికి 5 నుంచి 10 యూనిట్ల ఎంజైమ్ చేర్చి 37 డిగ్రీల వద్ద కనీసం మూడు నాలుగు గంటలు, కుదిరితే రాత్రంతా ఉంచాలి. ఎంజైమ్ పరిమాణం మొత్తం మిశ్రమంలో పదో వంతు దాటకూడదు; అందులోని గ్లిసరాల్ ఎక్కువైతే కొన్ని ఎంజైములు కోయకూడని చోట కూడా కోస్తాయి.

ఉదాహరణకు మన ముక్క 400 బేస్ జతలు, కోతచోటు దాన్ని 250గా, 150గా విడదీస్తుందని అనుకుందాం. 2.5 శాతం అగరోజ్ జెల్ మీద 50 బేస్ జతల లాడర్ (కొలబద్దలా పనిచేసే, పొడవు తెలిసిన డీఎన్‌ఏ ముక్కలు) పక్కన నడిపితే ఏఏ నమూనాలో 250, 150 బ్యాండ్లు, ఎస్ఎస్ నమూనాలో 400 ఒక్కటే, ఏఎస్ నమూనాలో మూడూ కనిపిస్తాయి. జెల్‌లో డీఎన్‌ఏ కనబడేలా చేసే ఇథిడియం బ్రోమైడ్ అనే రంగు ఉత్పరివర్తనాలు కలిగించే పదార్థం కనుక చేతికి తొడుగు లేకుండా ఆ జెల్‌ను ముట్టకూడదు, ఆ తొడుగుతో తలుపు గడియనూ ముట్టకూడదు.

ఏఎస్ లేన్‌ను (జెల్ మీద ఆ నమూనా నడిచిన వరుసను) దగ్గరగా చూస్తే 400 బ్యాండ్ మనం ఊహించే సగం కంటే ప్రకాశవంతంగా ఉంటుంది. పీసీఆర్ చివరి చక్రాల్లో సాధారణ పోగు, మారిన పోగు ఒకదానితో ఒకటి జతకట్టి మిశ్రమ జంటలు ఏర్పడతాయి, వాటిని ఎంజైమ్ కోయలేదు. ఇది తెలియనివారు ఆ లేన్‌ను చూసి కోత సరిగా జరగలేదనుకుంటారు. నిజంగా కోత సరిగా జరగని సందర్భం ఇంకా ప్రమాదకరం: అప్పుడు ఆరోగ్యవంతుడైన ఏఏ వ్యక్తి వాహకుడిగా నమోదవుతాడు. అందుకే ప్రతి జెల్ మీద జన్యురూపం ముందే తెలిసిన ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ నమూనాలు మూడూ, డీఎన్‌ఏ లేని నీటి ట్యూబూ తప్పక నడపాలి. ఏఏ నియంత్రణలో 400 దగ్గర కొంచెం మిగిలినా ఆ జెల్ మొత్తాన్ని పక్కన పెట్టాలి. నీటి లేన్‌లో బ్యాండ్ వచ్చినా అంతే, దానికి సర్దుబాట్లు లేవు. వీలైతే అన్ని నమూనాల్లోనూ తప్పక తెగే రెండో కోతచోటు ముక్కలో ఉండేలా ప్రైమర్లను ఎంచుకుంటే, కోత పూర్తయిందా లేదా అన్నది ప్రతి లేన్ తనంతట తానే చెబుతుంది.

జెల్ శుభ్రంగా వచ్చినా, అది చెప్పేది ఒక్క అక్షరం గురించి మాత్రమే. ఒక ప్రతిలో సికిల్ ఉత్పరివర్తన, రెండో ప్రతిలో బీటా తలసీమియా (బీటా గ్లోబిన్‌ను తగినంత తయారుకానివ్వని వ్యాధి) ఉత్పరివర్తన ఉన్న వ్యక్తి ఈ జెల్ మీద అచ్చం ఏఎస్ లాగే కనిపిస్తాడు, కానీ అతను వాహకుడు కాడు, రోగి. మన దేశంలో తలసీమియా జన్యువులు అరుదు కావు కాబట్టి ఇది పుస్తకాల్లోని ఊహాపోహ కాదు. హెచ్‌పీఎల్‌సీ ఇక్కడ ఆదుకుంటుంది: మామూలు వాహకుడిలో హిమోగ్లోబిన్-ఏ ఎప్పుడూ హిమోగ్లోబిన్-ఎస్ కంటే ఎక్కువ, హిమోగ్లోబిన్-ఎస్ పైచేయి అయినా, హిమోగ్లోబిన్-ఏ అసలే కనిపించకపోయినా తలసీమియాను వెతకాలి, అందుకు మొత్తం బీటా గ్లోబిన్ జన్యువును సాంగర్ పద్ధతిలో అక్షరం అక్షరంగా చదవాలి. హిమోగ్లోబిన్-సి కూడా ఇదే కోడాన్‌లో వచ్చే మార్పే, కానీ అక్కడ జీఏజీ ఏఏజీ అవుతుంది, ఏడింటిలో నాలుగో అక్షరం ఏదైనా ఈ ఎంజైములకు ఒకటే కనుక ఆ వరుసను యథావిధిగా కోస్తాయి. కాబట్టి అది ఏఏగా కనిపిస్తుంది. రక్తం ఎక్కించుకున్న రోగిలో హెచ్‌పీఎల్‌సీ దాత హిమోగ్లోబిన్‌ను చూపించి తప్పుదారి పట్టించవచ్చు, డీఎన్‌ఏ పరీక్ష చాలావరకు ఆ చిక్కు నుంచి తప్పించుకుంటుంది. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారిలో మాత్రం రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏ దాతదే అవుతుంది. అందుకే నమూనా పత్రంలో ఈ రెండు ప్రశ్నలకూ గడులు ఉండి తీరాలి.

ఏఎస్‌గా, ఎస్ఎస్‌గా తేలిన ప్రతి నమూనాలో కొంత భాగాన్నైనా సీక్వెన్సింగ్‌కు పంపి సరిచూసుకోవడం మంచిది. ఏఎస్ నమూనా క్రోమాటోగ్రామ్‌లో (చదివిన అక్షరాలను శిఖరాలుగా చూపే గ్రాఫ్‌లో) ఒకే స్థానంలో ఏ, టీ శిఖరాలు రెండూ ఒకదాని మీద ఒకటి దాదాపు సమానంగా లేస్తాయి. ఎదురు పోగును చదివినప్పుడు అదే చోట టీ, ఏ కనిపించాలి. ఒక దిశలోనే కనిపించి రెండో దిశలో లేకపోతే అది క్రమాన్ని చదవడంలో వచ్చిన లోపమే తప్ప జన్యువులోని మార్పు కాకపోవచ్చు.

నివేదిక రాసేటప్పుడు "రోగి", "ఆరోగ్యవంతుడు" అనే మాటలు వాడకుండా, "బీటా గ్లోబిన్ ఆరవ కోడాన్ వద్ద ఒక ప్రతిలో మార్పు ఉంది, ఇతర ఉత్పరివర్తనలను ఈ పరీక్ష చూడలేదు" అన్న ధోరణిలో, పరీక్షించినంత మేరకే రాయాలి. రోగ నిర్ధారణ చేసే అధికారం వైద్యుడిది, పెళ్లి గురించీ గర్భం గురించీ మాట్లాడే బాధ్యత జన్యు సలహాదారుది. ఇద్దరు వాహకులు దంపతులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని కుటుంబాలు తప్పుగా అర్థం చేసుకోవడం సాధారణం, కాబట్టి ఆ మాట కాగితం మీద సంఖ్యగా ఇచ్చి వదిలేయకుండా నోటితో వివరించే మనిషి దొరికాకే ఫలితాన్ని అందజేయాలి.